వాళ్ల నిర్ణయం, మీ సంతకం

ఉద్యోగం పోవడం ఒక దెబ్బ. అందులోంచి తీసేసిన తీరు ఇంకో దెబ్బ. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. అందుకే కొత్త ఉద్యోగం దొరికాక కూడా కోలుకోలేరు. జీతం ఆగితే వచ్చే ఇబ్బందికి ఒక లెక్కంటూ ఉంటుంది: ఇంటి అద్దె, ఈఎంఐ, పిల్లల ఫీజు, ఊరికి పంపే డబ్బు. ఇంకో జీతం పడిన రోజు నుంచి ఆ లెక్క సర్దుకుంటూ వస్తుంది. కానీ మీ పెళ్లికి వచ్చి అక్షింతలు వేసిన మేనేజరు మీ మొహం చూడకుండా బల్ల మీద కాగితం జరిపితే, ఆ బాధ జీతంతో తీరేది కాదు. "తీసేసినందుకు కాదన్నా, అట్టా తీసేసినందుకు" అని నాతో అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అలా అంటున్నప్పుడు వాళ్ల గొంతు మారిపోయేది. ఈ అధ్యాయం ఆ రెండో దెబ్బ గురించి.

నెల్లూరు జిల్లాలోని మా ఇందుకూరుపేటకు ఒక పక్క పెన్న, ఇంకో పక్క మైపాడు సముద్రం. మధ్యలో వరి మళ్లు, రొయ్యల గుంటలు. ఒకప్పుడు ఇక్కడ ఉద్యోగమంటే బడిపంతులు, బ్యాంకు, కరెంటాఫీసు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలున్నారు. కరోనా కాలంలో వాళ్లు మేడ మీది గదుల్లో కూర్చుని పనిచేస్తుంటే ఊరంతా చూసింది. కరెంటు పోతే పక్కింటివాళ్లే "పాపం, అబ్బయ్యకు మీటింగంట" అని ఇన్వర్టర్ వైరు ఇచ్చారు. అందుకే ఇక్కడ ఒకరి ఉద్యోగం పోతే అది ఆ ఒక్కరి సంగతిగా మిగలదు. ఆ జీతాన్ని నమ్ముకుని గుంటకు పెట్టుబడి పెట్టిన తండ్రి ఉంటాడు, మాటల్లో ఉన్న చెల్లెలి సంబంధం ఉంటుంది. ఊళ్లోనే ఉండి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు కంపెనీ బస్సెక్కి వెళ్లే ఆడవాళ్లదీ ఇదే పరిస్థితి. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ఆ దేశాన్నే ప్రధాన మార్కెట్టుగా పెట్టుకున్న ఈ తీరమంతా ఉలిక్కిపడింది. ఎక్కడో తీసుకున్న నిర్ణయం ఇక్కడి కూలీ దాకా రావడానికి ఎంతో కాలం పట్టదు.

కంపెనీ మారిపోయిందని ఎలా తెలుస్తుంది

తీసేసిన రోజుకు ఎన్నో నెలల ముందే కంపెనీ మారిపోతుంది. మనకు తెలుస్తూనే ఉంటుంది. ఒప్పుకోవడానికి మనసు రాదు, అంతే.

రొయ్యల గుంటలో మేత చల్లాక కొద్దిగా మేత చెక్ ట్రేలో వేసి నీళ్లలోకి దించుతారు. రెండు గంటలాగి పైకి తీసి చూస్తారు. ట్రే ఖాళీగా ఉంటే దిగుల్లేదు. మేత మిగిలిందంటే, పైకి నీళ్లు ఎంత తేటగా కనిపించినా, అడుగున ఏదో మొదలైందని అర్థం. మంచి రైతు ఆ పూటే మేత తగ్గించి, నీటి పరీక్ష చేయిస్తాడు. రొయ్య గట్టు పట్టేదాకా ఆగడు. ఆఫీసులోనూ ఇలా ఎత్తి చూసుకోవలసినవి కొన్ని ఉంటాయి.

అన్నిటికంటే ముందు ప్రశ్నలు ఆగిపోతాయి. ఒకప్పుడు అందరూ కూర్చునే సమావేశంలో ఎవరో ఒకరు లేచి "ఈసారి హైకులు ఎందుకు తగ్గాయి" అని అడిగేవారు, పెద్దాయన ఏదో ఒక జవాబు చెప్పేవారు. తర్వాత తర్వాత ప్రశ్నలు ముందే రాసి పంపమంటారు. చివరికి ఎవరూ ఏమీ పంపరు. ఆ మౌనం తృప్తి వల్ల వచ్చింది కాదు, భయం వల్ల వచ్చింది. ఆ తర్వాత వీడ్కోలు మెయిళ్లు ఆగిపోతాయి. నిన్నటిదాకా పక్కన కూర్చున్న మనిషి ఈరోజు కనపడడు, ఎవరూ అతని పేరెత్తరు. నాకు వీటన్నిటిలోకీ కఠినంగా అనిపించేది ఇదే. మనిషి వెళ్లిపోవడం కంటే, అతను ఇక్కడ పనిచేసినట్టే ఎవరికీ గుర్తులేనట్టు నడుచుకోవడం.

ఇంకొకటి, మనిషికి కట్టే లెక్క మారడం. దేశంలోనే పెద్ద ఐటీ కంపెనీ టీసీఎస్ 2025 జూన్‌లో ఒక నియమం తెచ్చింది. ఉద్యోగి ఏడాదికి 225 రోజులు క్లయింటుకు బిల్లయ్యే పనిలో ఉండాలి, బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, 35 రోజులు మించకూడదు. ఆ తర్వాతి నెలలోనే మొత్తం సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఎక్కువగా మధ్య, పై స్థాయుల వాళ్లని. టాటా పేరు మీద చేరితే రిటైరయ్యేదాకా దిగుల్లేదని మన ఇళ్లల్లో రెండు తరాలు నమ్మాయి. ఆ వార్త చదివి ఎంతమంది తండ్రులు పిల్లలకు ఫోన్లు చేసి ఉంటారో ఊహించగలను. వ్యాపారానికి కారణాలు ఉండొచ్చు. కానీ బెంచి రోజులు లెక్కపెట్టడం మొదలైందంటే, ఆ కంపెనీ చెక్ ట్రేలో మేత మిగిలిందనే నేను అనుకుంటాను. అది చూసిన పూటే మీ కాగితాలు మీరు సర్దుకోవాలి.

కాగితాలంటే ఏమిటో చెప్పాలి. నియామక పత్రం, ప్రతి ఏటి ఇంక్రిమెంటు లెటరు, జీతం స్లిప్పులు, అప్రైజల్‌లో రాతపూర్వకంగా వచ్చిన రేటింగులు, ఫారం 16లు, పీఎఫ్ యూఏఎన్ నంబరు, దానికి మీ సొంత ఫోను నంబరు. ఇవన్నీ మీవి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఉంచి ఊరుకోకండి, ఆ ల్యాప్‌టాప్ ఏ క్షణాన తెరుచుకోవడం మానేస్తుందో తెలియదు. క్లయింటు ఫైళ్లు, కోడ్, కంపెనీ మెయిళ్లు మాత్రం సొంత మెయిలుకు పంపుకోకండి. అది వాళ్ల చేతికి కారణం అందించడమే అవుతుంది. కాంట్రాక్టరు కింద పనిచేసే ప్లాంటు కార్మికులు హాజరు కార్డు, గేటు పాసు ఫోటో తీసి పెట్టుకోవాలి, పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా జమ అవుతోందా చూసుకోవాలి. ఏడాదిలో 240 రోజులు పనిచేశామని రుజువు చేసుకోవలసి వస్తే ఇవే పనికొస్తాయి.

నమ్మినందుకు సిగ్గుపడొద్దు

కంపెనీ మారిపోయిందని తెలిశాక మనల్ని మనమే తిట్టుకుంటాం. "ఇన్నేళ్లు నమ్మాను, నాకు బుద్ధి లేదు" అని. ఈ మాట మీదగ్గర ఉంటే ఇప్పుడే వదిలేయమని అడుగుతున్నాను.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఉంది. అప్పటికి ఆ కంపెనీలో 50 వేలకు పైగా ఉద్యోగులు. ఎంతోమంది తెలుగు ఇళ్లల్లో మొదటి కంప్యూటర్ ఉద్యోగం, మొదటి పాస్‌పోర్టు, మొదటి విమాన ప్రయాణం ఆ కంపెనీ చలవే. ఆ పేరు మెడలో వేసుకుని ఊళ్లకు వచ్చిన పిల్లలకు ఒక్క రోజులో ఆ పేరు చెప్పుకోవడమే కష్టమైపోయింది. ప్రభుత్వం కొత్త బోర్డు వేసింది, ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. జూన్‌లో పనిలేని వేలమందిని 'వర్చువల్ పూల్' అనే జాబితాలో పెట్టి, కోసిన జీతంతో ఇళ్లకు పంపారు.

ఆ రోజుల్లో అక్కడి ఉద్యోగుల్లో ఎక్కువమంది, వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియకుండానే, క్లయింట్ల పని ఆగకుండా చూశారు. కంపెనీ అమ్ముడుపోవడానికి మిగిలిన విలువ ఏదైనా ఉందంటే అది వాళ్ల పనే. మోసం పైన జరిగింది. కింద జరిగిన పని, రాత్రిళ్లు ఒకరికొకరు చేసుకున్న సాయం, కొత్తగా వచ్చినవాడికి సీనియర్ కూర్చోబెట్టి నేర్పిన పాఠం, ఇవేవీ అబద్ధం కాదు. మీరు ప్రేమించిన కంపెనీ అంటే నిజానికి ఇవే. యాజమాన్యం తన మాట తప్పితే ఆ సిగ్గు దానిదే. మీ పదేళ్ల పని మీద ఆ మచ్చ పూసుకోకండి.

బాధపడటానికి మాత్రం సమయం ఇచ్చుకోండి. మా కంపెనీ ఒకప్పుడు ఇలా ఉండేది కాదు అని పాత సహోద్యోగులతో ఒక సాయంత్రమంతా మాట్లాడుకోవడంలో తప్పు లేదు. ఏ రోజు, ఏ సంఘటనతో మీకు నమ్మకం సడలిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు. తర్వాతి ఉద్యోగంలో చేరేటప్పుడు ఏమేం అడగాలో ఆ కాగితమే చెబుతుంది.

ఈ తీరం చూసిన ఒక తీర్పు

ఉద్యోగం పోయినవాడికి ఏం దక్కాలి అనే ప్రశ్న ఐటీతో పుట్టింది కాదు. ఈ ఇసుక నేలలోనే దానికి ఒక చరిత్ర ఉంది.

1990ల మొదట్లో నెల్లూరు తీరానికి టైగర్ రొయ్య వచ్చింది. చిన్న రైతులతోపాటు పెద్ద కంపెనీలూ దిగాయి. వందల ఎకరాల గుంటలు, కాపలాదార్లు, మేత చల్లేవాళ్లు, మోటార్ల మెకానిక్కులు, టెక్నీషియన్లు. అప్పటిదాకా కాలాన్ని బట్టి కూలి దొరికిన ఊళ్లల్లో నెల జీతం మొదలైంది. 1994-95లో తెల్లమచ్చల వైరస్ వచ్చి గుంటలకు గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. చాలా ఫారాలు మూతపడ్డాయి. మరోపక్క తాగునీళ్లు ఉప్పగా మారుతున్నాయనీ, జాలర్లకు సముద్రానికి వెళ్లే దారులు మూసుకుపోతున్నాయనీ తమిళనాడుకు చెందిన గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల ఫారాలు తీసేయాలని.

ఈ తీర్పును పర్యావరణం కోసమే గుర్తుపెట్టుకుంటారు. నేను గుర్తుపెట్టుకునేది అందులో కూలీల గురించి ఉన్న నాలుగు వాక్యాలను. మూసేయమన్న ఫారాల్లో కనీసం ఏడాది ఆగకుండా పనిచేసినవాళ్లందరినీ 1997 ఏప్రిల్ 30 నుంచి 'రిట్రెంచ్' అయినట్టుగా, అంటే యాజమాన్యమే పనిలోంచి తీసేసినట్టుగా, పరిగణించాలన్నారు. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం నష్టపరిహారం ఇవ్వాలి, దానికి అదనంగా ఆరేళ్ల వేతనం ఇవ్వాలి, గ్రాట్యుటీ వేరే. అదంతా మే 31లోగా చేతికి అందాలి. ఆ పరిశ్రమ తప్పు చేసిందని తేల్చిన న్యాయస్థానం, అందులో మేత చల్లిన మనిషి ఆ తప్పుకు ఖర్చు కాకూడదని అదే తీర్పులో రాసింది.

తర్వాత పునఃసమీక్ష పిటిషన్లు పడ్డాయి, అమలు ఆగింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి పరిస్థితి మారిపోయింది. తీర్పులో రాసింది రాసినట్టు జరగలేదు. ఐనా ఆ వాక్యాలు చదివినప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది. పని పోయినవాడికి పరిహారం దానం కాదు, లెక్క ప్రకారం రావలసింది అని దేశపు పెద్ద కోర్టు మన తీరపు కూలీలను కూడా కలుపుకుని చెప్పింది. ఏసీ గదిలో కూర్చున్న ఇంజనీరుకు ఆ మాట ఎందుకు గుర్తుండదు?

ఆ గదిలో

ఎందుకు గుర్తుండదంటే, గదిలోకి పిలిచే తీరు అలా ఉంటుంది.

నేను ఒకప్పుడు పనిచేసిన ఒక కంపెనీలో మూడో అంతస్తులో చిన్న గాజు గది ఉండేది. లోపల కూర్చున్నవాళ్లు బయటికి కనపడకుండా మనుషుల్ని తీసేసిన వారం గాజుకు తెల్ల కాగితాలు అతికించారు. లోపల హెచ్ఆర్ నుంచి ఇద్దరు, బల్ల మీద నీళ్ల సీసా, టిష్యూ పేపర్ల పెట్టె. ఆ పెట్టె ఎవరి కోసమో ముందే అనుకుని పెట్టారు. లోపలికి వెళ్లినవాళ్లకు ల్యాప్‌టాప్ తిప్పి చూపించేవారు. రాజీనామా పేజీ తెరిచి ఉండేది. కారణం అన్నచోట 'వ్యక్తిగత కారణాలు' అని ముందే ఎంచి ఉండేది. మనిషి చేయవలసింది ఒక్క మీట నొక్కడం. "మీకే మంచిది, లేకపోతే టెర్మినేషన్ అని పడుతుంది" అనేవారు, గొంతు పెంచకుండా. బయటికి వచ్చేలోగా ఐడీ కార్డుకు తలుపు తెరుచుకునేది కాదు. సెక్యూరిటీ అతను, ప్రతి ఉదయం నవ్వుతూ పలకరించే మనిషే, లిఫ్టు దాకా వెంట నడిచేవాడు. అతనికీ తలెత్తడం కష్టంగానే ఉండేది.

2017 జూలైలో ఇలాంటి సంభాషణే ఒకటి దేశమంతా విన్నది. టెక్ మహీంద్రాలో ఒక హెచ్ఆర్ ఉద్యోగి, మరునాడు ఉదయం 10 గంటల్లోగా రాజీనామా చేయమని ఒక ఉద్యోగికి ఫోనులో చెప్పిన ఆడియో బయటపడింది. ఆనంద్ మహీంద్రా బహిరంగంగా, వ్యక్తిగతంగా క్షమాపణ చెప్పారు, ఇంకోసారి ఇలా జరగకుండా చూస్తానన్నారు. అంత పెద్ద మనిషి క్షమాపణ చెప్పారంటే, ఉద్యోగిని గడువు పెట్టి రాజీనామా చేయించడం తప్పని ఒప్పుకున్నట్టే. మీ గదిలో అదే జరుగుతుంటే తప్పు మీది కాదని అప్పుడు గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు అసలు విషయం. తీసేయాలన్న నిర్ణయం కంపెనీది. రాజీనామా అంటే వెళ్లిపోవాలన్న నిర్ణయం మీది. ఆ మీట నొక్కించడమంటే వాళ్ల నిర్ణయాన్ని మీ పేరు మీదికి మార్చేయడం. దానివల్ల పోయేది మర్యాద ఒక్కటే కాదు, డబ్బు కూడా.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏడాది దాటి పనిచేసిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేయాలంటే, కారణం చూపుతూ నెల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల వేతనం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం పరిహారం. ఆరు నెలలు దాటిన భాగాన్నీ ఏడాదిగా లెక్కపెట్టాలి. రీస్కిల్లింగ్ నిధి కింద ఇంకో 15 రోజుల వేతనం కార్మికుడి ఖాతాకు చేరాలి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ ఎలాగూ ఉంది. వేతనాల కోడ్ ప్రకారం బాకీ వేతనాలు రెండు పనిదినాల్లో చెల్లించాలి.

లెక్క వేసి చూద్దాం. చట్టం లెక్కలోకి వచ్చే నెల వేతనం 40 వేలు, సర్వీసు 8 ఏళ్ల 7 నెలలు. అంటే 9 ఏళ్లు. పరిహారం సుమారు 1 లక్ష 80 వేలు. నోటీసు వేతనం 40 వేలు. రీస్కిల్లింగ్ 20 వేలు. గ్రాట్యుటీ సుమారు 2 లక్షల 8 వేలు. రాజీనామా మీట నొక్కినవాడికి ఇందులో హక్కుగా మిగిలేది గ్రాట్యుటీ ఒక్కటే. ఒప్పందంలో నోటీసు పీరియడ్ గురించి ఉంటే అది. మిగిలిన 2 లక్షల 40 వేలూ, ఇస్తే వాళ్ల దయ. టిష్యూ పెట్టె పక్కన కూర్చుని రెండు నిమిషాల్లో పెట్టే సంతకం ఖరీదు అంత.

"నేను కార్మికుణ్ణా? నా పేరు పక్కన మేనేజర్ అని ఉందే" అని అడుగుతారు. చట్టం చూసేది హోదా పేరును కాదు, మీరు రోజూ చేసే పనిని. నిజంగా మనుషుల మీద అధికారం ఉన్నవాళ్లు, సూపర్‌వైజర్లుగా నెలకు 18 వేలకు మించి వేతనం తీసుకునేవాళ్లు కార్మికుడనే నిర్వచనంలోకి రారు. కోడ్ రాసేవాళ్లు, టెస్టింగ్ చేసేవాళ్లు, ల్యాబ్ టెక్నీషియన్లు పేరులో మేనేజర్ ఉందని హక్కు వదులుకోకండి. ఇవికాక, ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988లోనూ ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదని ఉంది. మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో పనిచేసిన ఊరి కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి, లేదా కార్మిక కేసులు చూసే న్యాయవాదికి ఒక పూట ఫీజు ఇచ్చి కాగితాలు చూపించండి. మీరు పనిచేసింది చెన్నైలో అయితే నెల్లూరు ఆఫీసు వాళ్లు చేయగలిగింది తక్కువ. రెండేళ్లు దాటనివ్వకండి, ఆ తర్వాత వివాదాన్ని విచారణకు తీసుకోరు.

గదిలో ఏమనాలి? పెద్ద వాదన వద్దు, ఏడుపొస్తే ఆపుకోనక్కర్లేదు కూడా. ఇంత చాలు: "ఇది కంపెనీ తీసుకున్న నిర్ణయం కదండీ. ఆ మాట కంపెనీయే ఉత్తరంలో రాసి ఇవ్వాలి. నాకు మెయిల్ పెట్టండి, చదువుకుని జవాబిస్తాను." వాళ్లు మళ్లీ ఒత్తిడి చేస్తే మళ్లీ ఇదే చెప్పండి. ఆ సాయంత్రమే మీ సొంత మెయిలు నుంచి, ఫలానా సమయానికి ఫలానా గదిలో నన్ను రాజీనామా చేయమన్నారు, నేను చేయలేదు, అని మర్యాదగా రాసి హెచ్ఆర్‌కు పంపండి. అదొక్కటి రేపటికి సాక్ష్యం.

మన పిల్లలు సంతకం పెట్టడానికి అసలు కారణం డబ్బు తెలియక కాదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ భయం. "టెర్మినేటెడ్ అని ఉంటే ఇంకెవరూ తీసుకోరు" అని. తప్పు చేసినందుకు తీసేయడం వేరు, పోస్టు లేదని తీసేయడం వేరు. వ్యాపార కారణాల వల్ల ఈ పోస్టు రద్దయింది, ఉద్యోగి ప్రవర్తనపై ఏ ఫిర్యాదూ లేదు అని ఉత్తరంలో రాయించుకుంటే అందులో దాచుకోవలసింది ఏమీ లేదు. వేలమందిని తీసేశారని పేపర్లో వచ్చాక, రేపు మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ ఆ సంగతి తెలిసే ఉంటుంది.

అన్నీ ఆలోచించుకుని రాజీనామాయే నయమని మీకు అనిపించవచ్చు. చేతిలో ఇంకో ఆఫర్ ఉండొచ్చు, గొడవ పడే ఓపిక లేకపోవచ్చు. అదీ గౌరవించదగిన నిర్ణయమే. అప్పుడైనా ఊరికే రాయకండి. ఎన్ని నెలల జీతం, బోనస్, సెలవుల డబ్బు, రిలీవింగ్ లెటర్ ఏ తేదీన, ఇవన్నీ మెయిల్లో వచ్చాకే సంతకం. ఒక్కటి మాత్రం చాలామంది మరిచిపోతారు: ఆరోగ్య బీమా. కంపెనీ పాలసీలో ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు ఉంటారు. సాధారణంగా మీ ఆఖరి పనిరోజుతోనే వాళ్ల కవరేజీ పోతుంది. మోకాలి ఆపరేషనుకో, గుండె పరీక్షలకో నెల్లూరులో తేదీ తీసుకుని ఉంటారు. నెలాఖరు దాకానో, ఇంకో మూడు నెలలో పాలసీ కొనసాగించమని అడగండి. గ్రూప్ పాలసీ నుంచి సొంత పాలసీకి మారే వీలుంటుంది, అది ఆఖరి రోజుకు ముందే బీమా కంపెనీని అడగాలి.

ఇంట్లో చెప్పడం

ఉద్యోగం పోయిన సంగతి దాచిపెట్టి, రోజూ బ్యాగు తగిలించుకుని బయటికెళ్లి పార్కులో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. శుక్రవారం సాయంత్రం ఎప్పటిలా నెల్లూరు రైలెక్కి, సోమవారం తెల్లారి మళ్లీ వెళ్లిపోయేవాళ్లు తెలుసు. అమ్మకు తెలియకుండా ఉంటుందా? "ఏంది నాయనా, అన్నం ముందర కూర్చోని యాడికో చూస్తా ఉండావు" అని మొదటి వారమే అడుగుతుంది.

మొదటి రెండు రోజుల్లోనే చెప్పండి, భార్యకో భర్తకో ముందు, తర్వాత అమ్మానాన్నలకు. ఫోనులో కాకుండా ఎదురుగా. "నాన్నా, కంపెనీలో చాలామందిని తీసేశారు, అందులో నేనూ ఉన్నా. నేనేం తప్పు చేయలా. ఇన్ని నెలలకు సరిపడా డబ్బుంది, వెతుక్కుంటా ఉండా." తప్పు చేయలేదన్న వాక్యం తప్పకుండా ఉండాలి. పెద్దవాళ్ల తరంలో ఉద్యోగం పోవడమంటే సస్పెన్షనే, ఏదో చేస్తేనే తీసేస్తారు. ఆ అనుమానం వాళ్ల మనసులో గంటసేపు కూడా ఉండనివ్వకండి. నాన్న టీ అంగడి దగ్గర అదే మాట చెప్పగలగాలి. దాచిన సంగతి గురించి ఊరు నెలలు మాట్లాడుకుంటుంది, చెప్పేసిన సంగతిని వారంలో వదిలేస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే. 2023 జనవరిలో గూగుల్ 12 వేలమందిని తీసేసినప్పుడు కొందరికి ఆఫీసు తలుపు తెరుచుకోకపోయేసరికే సంగతి తెలిసింది. అక్కడి పిల్లలు భయపడి ఇంటికి చెప్పకుండా ఆ 60 రోజుల్లో సగం ఒంటరిగా గడిపేస్తారు. ఫోనులో గొంతు తేడాగా ఉంటే, ఇక్కడున్న మీరే అడగండి. "తిరిగొచ్చేసినా ఏం కాదు, ఇల్లుంది" అన్న మాట ఆ సమయంలో ఎంత బలమిస్తుందో వాళ్లకే తెలుస్తుంది.

మిగిలిపోయినవాళ్లూ, కాగితం జరిపేవాళ్లూ

మీ పేరు ఆ జాబితాలో లేకపోతే ఊపిరి పీల్చుకుంటారు, వెంటనే ఆ ఊపిరికే సిగ్గుపడతారు. వెళ్లిపోయినవాళ్లకు ఫోను చేయడానికి మొహం చెల్లదు. చేయండి. ఆ రోజే చేయండి. ఓదార్పు మాటలు తెలియకపోతే పనికొచ్చేది అడగండి: రిఫరెన్సుకు నా పేరు ఇవ్వు, రెజ్యూమే పంపు, నేను చూసి ముగ్గురికి పంపుతా. మీరు పలకరించకపోతే కంపెనీ చేసిన పనిని మీరూ చేసినట్టే.

ఇక మీరే టీమ్ లీడ్ అయితే, మేనేజరైతే, ఆ గదిలో అవతలి కుర్చీలో కూర్చోవలసి వస్తే. ఎందరిని తీసేయాలన్నది మీ చేతిలో ఉండకపోవచ్చు. ఎలా చెప్పాలన్నది మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. 2020 మేలో కరోనా దెబ్బకు ఎయిర్‌బీఎన్‌బీ సుమారు 1,900 మందిని, సిబ్బందిలో నాలుగో వంతు మందిని, తీసేయవలసి వచ్చింది. దాని అధిపతి బ్రయాన్ చెస్కీ ఎందుకు, ఎంతమంది, ఎలా ఎంచారు అన్నవన్నీ తన పేరు మీద రాసి అందరికీ పంపారు. అమెరికా ఉద్యోగులకు 14 వారాల జీతం, దానిమీద సర్వీసులో ప్రతి ఏడాదికి ఇంకో వారం, ఏడాదిపాటు ఆరోగ్య బీమా. ల్యాప్‌టాప్‌లు వాళ్లకే వదిలేశారు, ఉద్యోగం వెతుక్కోవడానికి పనికొస్తాయని. కోరుకున్నవాళ్ల వివరాలు ఒక వెబ్‌సైటులో పెట్టి వేరే కంపెనీలకు తామే చూపించారు. నష్టాల్లో ఉన్న కంపెనీయే ఇంత చేసింది.

మీ దగ్గర అంత డబ్బు లేకపోవచ్చు. మీ చేతిలో ఉన్నవి అడుగుతున్నాను. సంగతి మీ నోటితో చెప్పండి, హెచ్ఆర్ చేత చెప్పించకండి. ఆ మనిషి చేసిన మంచి పని ఏదో పేరు పెట్టి చెప్పండి. లేని తప్పులు వెతికి పిప్‌లో, అంటే పనితీరు మెరుగుపరచుకోవాలనే జాబితాలో, పెట్టమని పైనుంచి చెబితే, నా టీమ్‌లో అలా రాయలేనని ఒక్కసారైనా రాతపూర్వకంగా జవాబివ్వండి. రాజీనామా పేజీ తెరిచి ముందు పెట్టకండి. సొంత సామాను సర్దుకోవడానికి, పక్కవాళ్లకు వెళ్లొస్తానని చెప్పుకోవడానికి మధ్యాహ్నం దాకా గడువిప్పించండి, ఐడీ కార్డు సాయంత్రం దాకా పనిచేసేలా సెక్యూరిటీతో మాట్లాడండి. రిలీవింగ్ లెటర్, సర్వీసు సర్టిఫికెట్ అతను అడగకముందే టైపు చేయించి, చదివి, పేరులో అచ్చుతప్పు లేకుండా చూసి, మీ చేత్తో ఇవ్వండి. వారం తర్వాత ఒకసారి ఫోను చేయండి, ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు పడిందా అని అడగండి. పడకపోతే ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి.